మిగిలిన ముక్క మీద తగువు: ఉప్పల్, నాచారంలో చెట్లూ సమాధులూ

ఉప్పల్, నాచారం వైపు శ్మశానాల మాట ఎప్పుడు లేచినా ఒకే తీరుగా నడుస్తుంది. కొత్త కాలనీల వాళ్లు శ్మశానాన్ని అవతలికి తరలించి, ఆ జాగాలో చెట్లు పెట్టి పార్కు చెయ్యమంటారు. పొగ, వాసన, పిల్లల భయం, ప్లాటు ధర - ఇవీ వాళ్ల వాదనలు. పాత ఊరివాళ్లూ, బస్తీల వాళ్లూ, ముస్లిం, క్రైస్తవ పెద్దలూ ఉన్న జాగా నిండిపోయింది, ఇంకొంత నేల చూపించమంటారు. అధికారులు ఇద్దరి అర్జీలూ తీసుకుని ఇద్దరికీ ప్రహరీగోడ హామీ ఇచ్చి పంపిస్తారు. ఈ రెండు గుంపుల్లోనూ మాట్లాడేది మగవాళ్లే. కాలనీ సంఘం అధ్యక్షుడూ మగవాడే, శ్మశాన కమిటీ పెద్దా మగవాడే.

ఈ తగువులో చెట్ల పక్షమో సమాధుల పక్షమో వహించాలని నేనిది రాయడం లేదు. ఈ రెంటినీ ఎదురెదురుగా నిలబెట్టింది ఎవరు, ఎప్పుడు, ఎందుకు అని అడగాలి. ఎందుకంటే చట్టం వీటిని ఎదురెదురుగా నిలబెట్టలేదు. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్‌లో అమల్లోకి వచ్చింది. దాంతో చేరిన పన్నెండో షెడ్యూల్‌లో పురపాలక సంస్థలకు అప్పగించదగిన పనులు 18 ఉన్నాయి. ఎనిమిదోది పట్టణ అటవీకరణ, పర్యావరణ రక్షణ. పద్నాలుగోది శ్మశానాలు, ఖననవాటికలు, విద్యుత్ దహనవాటికలు. మధ్యలో తొమ్మిదోది బలహీన వర్గాల ప్రయోజనాల పరిరక్షణ. మూడూ ఒకే జాబితాలో, దాదాపు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి చేస్తే ఇంకొకటి మానుకోవచ్చని ఎక్కడా రాయలేదు.

మరి నేల ఏమైంది? ఉప్పల్ పేర్లలోనే జవాబు ఉంది. రెవెన్యూ కాగితాల్లో ఉప్పల్ ఒకటి కాదు: ఉప్పల్ కలాన్, ఉప్పల్ ఖాల్సా, ఉప్పల్ భగాయత్. ఖాల్సా అంటే నిజాం కాలంలో శిస్తు నేరుగా సర్కారుకు చేరే భూమి. భగాయత్ అంటే తోటల భూమి. మూసీ ఒడ్డున ఉన్న ఆ భూముల్లోనూ, దిగువనున్న పీర్జాదిగూడ వైపూ పశువుల గడ్డీ ఆకుకూరలూ పండేవి. నగరం వదిలిన మురుగునీరే వాటికి సాగునీరు. పాలకూర, తోటకూర, గోంగూర కోసి కట్టలు కట్టి గంపకెత్తుకుని అమ్మింది ఎక్కువగా ఆడవాళ్లు. ఆ నీళ్లలో నిలబడి కాళ్లు పాసిపోయిందీ వాళ్లకే. 2000 తర్వాతి సంవత్సరాల్లో మూసీ సాగు మీద వచ్చిన పరిశోధనల్లో ఈ శ్రమ విభజన స్పష్టంగా నమోదైంది.

ఆ భూముల్ని మెట్రో డిపోకనీ, మురుగునీటి శుద్ధి కేంద్రానికనీ ప్రజా ప్రయోజనం పేరుతో తీసుకున్నారు. రైతులకు ఎకరాకి వెయ్యి గజాల చొప్పున అభివృద్ధి చేసిన ప్లాటు ఇస్తామన్న మాట నెరవేరడానికి ఏళ్లకేళ్లు పట్టింది. మిగిలిన జాగాని హెచ్‌ఎండీఏ లేఅవుట్ చేసి 2019లోనూ 2021లోనూ వేలం వేసింది. 2021 డిసెంబర్ వేలంలో గజం ధర లక్ష రూపాయలు దాటింది. పరిహారం దక్కింది పట్టా ఎవరి పేరున ఉందో వాళ్లకి. కూలికి వెళ్లి ఆకుకూర కోసిన మనిషికి ఏ వరసలోనూ చోటు లేదు. ప్రజా ప్రయోజనానికని సేకరించిన భూమి గజాల్లెక్కన అమ్ముడుపోతున్నప్పుడు ఇందులో శ్మశానానికెంత, అడవికెంత అని ఏ కౌన్సిల్ సమావేశం పట్టుబట్టింది? ఆరడుగుల నేల లేదని ఇప్పుడు చెప్పేది మాత్రం అదే యంత్రాంగం.

ఇక చావు సంగతి. అభివృద్ధి మీద మన సభల్లో నీళ్లూ మరుగుదొడ్లూ రేషనూ వచ్చినన్నిసార్లు శ్మశానం రాదు. అది ఆడవాళ్లు అడుగుపెట్టకూడని చోటని చిన్నప్పటి నుంచీ వింటున్నాం కనుక, అది మన అంశం కాదనుకోవడం అలవాటైంది. కానీ నాచారం పారిశ్రామిక వాడ చుట్టూ అద్దె గదుల్లో ఉండే కార్మిక కుటుంబాల్లో ఒక మనిషి పోతే ఏం జరుగుతుందో చూడండి. శవాన్ని ఇంట్లోకి తేవద్దని ఇంటి ఓనరు ముందే చెప్పేస్తాడు. ఈ నగరంలో అది అద్దె ఒప్పందంలో రాయని షరతు. కనుక ఆస్పత్రి మార్చురీ నుంచి శవం నేరుగా శ్మశానానికే పోతుంది. స్నానం చేయించడం, చివరి చూపు, చుట్టాల ఏడుపు, పిల్లలకు ఇన్ని నీళ్లు తాగించడం, అన్నీ అక్కడే జరగాలి. ఇల్లు చెయ్యాల్సిన పని శ్మశానం చెయ్యాల్సి వస్తుంది. అక్కడేమో ఒక రేకుల షెడ్డు, ఒక బోరింగు. ఆడవాళ్లకి మరుగుదొడ్డి ఉందా అని అడిగితే వింతగా చూస్తారు. అసలు ఆడవాళ్లు రారు కదా అన్నదే జవాబు. సొంత ఇల్లున్నవాళ్లు రాకపోవచ్చు. అద్దె ఇంటివాళ్లు రాక తప్పదు. ఆడవాళ్లు శ్మశానానికి రాకూడదన్న కట్టుబాటు పాటించడానికి కూడా ఒక సొంత గడప ఉండాలి.

పదో రోజు సంగతి ఇంకా ఘోరం. చెరువు గట్టునో బావి దగ్గరో జరిగే తంతు, చెరువులు మురికి గుంటలై బావులు పూడిపోయాక శ్మశానం కుళాయి దగ్గరికి చేరింది. భర్త పోయిన మనిషి గాజులు పగలగొట్టి, బొట్టు తీసి, తడిబట్టలతో నిలబెట్టే ఆ పని నలుగురు తెలియని మగవాళ్ల ముందు, చాటు లేని చోట జరుగుతుంది. ఆ తంతే పోవాలని మనం దశాబ్దాలుగా మాట్లాడుతున్నాం, పోవాలి కూడా. కానీ అది పోయేదాకా ఆ మనిషికి నాలుగు గోడలూ ఒక తలుపూ కావాలని అడగడం ఆచారాన్ని సమర్థించడం అవుతుందని వాదించే మిత్రులతో నేను ఏకీభవించను. కూతుళ్లు తలకొరివి పెడుతున్న వార్తలు ఇప్పుడు పత్రికల్లో వస్తున్నాయి. ఆ కూతురు బట్టలు మార్చుకోవడానికి గది ఎక్కడుందో ఏ వార్తా రాయదు.

ఖననం అనగానే అది ముస్లింల సమస్య, క్రైస్తవుల సమస్య అని పక్కన పెట్టేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. దళిత కులాల్లో చాలామందీ, లింగాయతులూ, ఇంకా అనేక వెనకబడిన కులాల వాళ్లూ పూడ్చిపెట్టేవాళ్లే. దహనం చేసే కులాల్లోనూ పసిబిడ్డ పోతే పూడుస్తారు. బాలింత బయటికి రాకూడదు కనుక ఆ బిడ్డని ఎక్కడ పెట్టారో తల్లికి చూపించరు. ఆనవాలుగా ఏదో ఒక వేపచెట్టు పేరు చెబుతారు. శ్మశానాన్ని చదును చేసి పార్కు చెయ్యడమంటే ఆ ఆనవాలు తుడిచెయ్యడం. మన ఊళ్లలో కులానికొక బొందలగడ్డ. దళితులది ఎక్కువగా చెరువు శిఖం అంచున, ఎవరికీ పనికిరాదనుకున్న చోట. చెరువుకు కట్ట కట్టి వాకింగ్ ట్రాక్ వేసినప్పుడు, రికార్డుల్లో పేరు లేకుండా ముందుగా మాయమయ్యేది అదే.

2025 జనవరిలో సుప్రీంకోర్టు ముందుకి ఛత్తీస్‌గఢ్ బస్తర్ ప్రాంతం నుంచి ఒక కేసు వచ్చింది. క్రైస్తవుడైన ఒక తండ్రిని సొంత ఊళ్లో పూడ్చుకోనివ్వలేదు. శవం దాదాపు ఇరవై రోజులు మార్చురీలో ఉంది. ఇద్దరు న్యాయమూర్తులూ భిన్నమైన తీర్పులిచ్చారు. చివరికి ఇరవై కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న క్రైస్తవ శ్మశానంలో పెట్టమన్నారు. ఒకరికి ఊళ్లో, ఒకరికి ఊరవతల అన్న లెక్క బస్తర్ అడవిలోనే ఉందనుకోవద్దు. మన నగరంలో దాన్ని తెచ్చింది కులపెద్దలు మాత్రమే కాదు, మార్కెట్ కూడా. కాలనీ బ్రోచర్లలో మెట్రో ఎన్ని నిమిషాలో, ఇంటర్నేషనల్ స్కూలు ఎన్ని నిమిషాలో రాస్తారు. శ్మశానం ఎన్ని నిమిషాలో రాయరు.

చేసిన మంచి పని ఒకటి చెప్పాలి. నాగోలు దగ్గర ఫతుల్లాగూడలో 2023 మార్చిలో ముక్తిఘాట్ ప్రారంభించారు. ఆరున్నర ఎకరాల్లో హిందువులకీ ముస్లింలకీ క్రైస్తవులకీ ఒకే చోట వసతి. ఖర్చు 16 కోట్ల పైచిలుకు. మూడు మతాల చావునీ ఒకే ఆవరణలో గౌరవించవచ్చని చూపించినందుకు దాన్ని మెచ్చుకోవాలి. అయితే అలాంటి ఒక్కదాన్ని కట్టి, దాని ఫోటోలు చూపించి, చుట్టుపక్కల చిన్న శ్మశానాలన్నింటినీ గాలికి వదిలేస్తే బండి కిరాయి భరించలేని వాళ్లకి అది ఎందుకు పనికొస్తుంది? నాచారం బస్తీ నుంచి ఉప్పల్, నాగోలు దాటి అక్కడికి శవాన్ని తీసుకెళ్లాలంటే ప్యాకింగు పని చేసుకునే మనిషికి ఎన్ని రోజుల కూలో లెక్కేసుకోండి.

చెట్ల విషయానికొస్తే, పచ్చదనానికి 2022లో హైదరాబాద్‌కు ప్రపంచ హరిత నగరం అవార్డు వచ్చింది. హరితహారంలో వేగంగా పెరుగుతుందని ఎడాపెడా నాటిన కోనోకార్పస్‌ని అదే సంవత్సరం నాటొద్దన్నారు. జీహెచ్ఎంసీ బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి కేటాయించాలని 2020 అక్టోబర్‌లో చట్ట సవరణ చేశారు. ఆ సవరణలోనే సగం సీట్లు స్త్రీలకి అన్న మాటా ఉంది. శ్మశానాలకి మాత్రం అలాంటి వాటా రాయలేదు. సరే, ఆ పచ్చదనం ఎవరికి? చాలా పార్కులు పొద్దున నడకవాళ్లకి తెరిచి మధ్యాహ్నం తాళం వేస్తారు. సరిగ్గా ఆ మధ్యాహ్నమే ఫ్యాక్టరీ ఆడవాళ్లు డబ్బా విప్పుకుని నీడ వెతుక్కునేది. గోడ కట్టి టికెట్ పెట్టిన చోట పుల్లలు ఏరుకునే మనిషి దొంగ అవుతుంది. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఫ్లైఓవర్‌కి 2018లో శంకుస్థాపన చేశారు. ఆ పని ఏళ్ల తరబడి సాగుతుంటే దుమ్ము మింగింది రోడ్డు పక్క కూరగాయలమ్మే వాళ్లూ రోడ్లూడ్చే కార్మికులూ. వాళ్లలో ఎక్కువమంది ఎవరో మనకి తెలుసు.

కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీదికి బుల్డోజర్లు వెళ్లినప్పుడు విశ్వవిద్యాలయం విద్యార్థులు అడ్డం నిలిచారు. 2025 ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు నరికివేత ఆపించింది. ఆ పోరాటానికి చేతులెత్తి మొక్కాలి. తూర్పున మాకు అంత పెద్ద అడవి మిగల్లేదు. నిజానికి ఉప్పల్, నాచారంలో పెద్ద చెట్లు కొన్ని ఇంకా మిగిలున్నది పాత శ్మశానాల్లోనే. దయ్యాలకి భయపడి గొడ్డలి వెయ్యలేదు కనుక ఆ వేపలూ రావులూ చింతలూ బతికాయి. కాబట్టి శ్మశానం తీసేసి చెట్లు పెడదామన్న కాలనీవాళ్ల ప్రతిపాదన, ఉన్న చెట్లని కొట్టి మొక్కలు నాటడమే అవుతుంది. చితుల మధ్య నీడనిచ్చే చెట్లు పెంచి, గోడ వెంట దట్టంగా వనం వేసి, ఆ రెండింటినీ ఒకే నేల మీద నిలపొచ్చు. దానికి కావలసింది కాస్త ఎక్కువ నేల.

ఆ నేల లేదా? ఇక్కడే మనం కళ్లు తెరవాల్సింది. 2025 నవంబర్‌లో ప్రభుత్వం హిల్ట్ పేరుతో పారిశ్రామిక భూముల మార్పిడి విధానం ప్రకటించింది. ఔటర్ రింగురోడ్డు లోపల 22 పారిశ్రామిక వాడల్లో దాదాపు 9,292 ఎకరాలు. వాటిలో ఉప్పల్, నాచారం, మల్లాపూర్ ఉన్నాయి. ఫ్యాక్టరీ భూమిలో ఇళ్లూ మాల్సూ ఆఫీసులూ కట్టుకోవచ్చు. రిజిస్ట్రేషన్ విలువలో 30 శాతం, రోడ్డు 80 అడుగులు దాటితే 50 శాతం రుసుము కడితే చాలు. దీని మీద పార్టీల మధ్య పెద్ద రభస జరిగింది, ఎన్ని లక్షల కోట్లు ఎవరి జేబులోకి అని. ఆ రభసలో ఎవరూ అడగనిది ఇది: ఈ భూములు ఒకప్పుడు ఊరివాళ్ల నుంచి పరిశ్రమ కోసం, ఉపాధి కోసం అని చవగ్గా తీసుకున్నవి. పరిశ్రమ వద్దనుకున్నప్పుడు వాటి మీద మొదటి హక్కు ఎవరిది? రేపు అక్కడ లేచే అపార్ట్‌మెంట్లలో ఉండబోయే వేలమంది చనిపోరా? వాళ్ల ఇళ్లలో అంట్లు తోమబోయే ఆడవాళ్లు చనిపోరా? రుసుము డబ్బు రూపంలో కట్టించుకుని ఖజానాలో వేసుకుంటే నేల తిరిగి రాదు. రుసుములో ఒక భాగాన్ని నేల రూపంలోనే, ఆ వాడలోనే కట్టించుకోవాలి.

2025 చివర్లో పీర్జాదిగూడ, బోడుప్పల్ సహా 27 పురపాలికల్ని నగరంలో కలిపి వార్డుల్ని 300 చేశారు. 2007లో ఉప్పల్ కలాన్ మున్సిపాలిటీని జీహెచ్ఎంసీలో కలిపినప్పుడూ సేవలు మెరుగవుతాయనే చెప్పారు. ఆ తర్వాత మన అర్జీ చేరాల్సిన కుర్చీ మాత్రం దూరమైంది. సగం సీట్లు మనవన్న చట్టం ఉన్నా, ఫైలు మీద మాట్లాడేది కార్పొరేటర్ గారి భర్త అయినప్పుడు శ్మశానం మరుగుదొడ్డి ఎజెండాలోకి ఎలా వస్తుంది?

కనుక పని మొదలుపెట్టాల్సింది కాగితాలతో. ఉప్పల్, నాచారం, మల్లాపూర్ వాడల్లో భూ మార్పిడికి ఎన్ని దరఖాస్తులొచ్చాయి, ఎన్ని ఎకరాలకి, ఒక్కో దాంట్లో ప్రజల అవసరాలకి వదిలింది ఎంత? రెవెన్యూ రికార్డుల్లో శ్మశానం, బొందలగడ్డ, కబ్రస్తాన్ అని రాసున్న సర్వే నంబర్లు ఏవి, వాటి విస్తీర్ణం అప్పుడెంత, ఇప్పుడెంత? వార్డుల వారీగా ఏ శ్మశానంలో నీళ్లున్నాయి, దీపాలున్నాయి, స్త్రీలకి గది ఉంది? పది శాతం పచ్చదనం నిధుల్లో శ్మశానాల్లో చెట్లకి ఖర్చయిందెంత? సమాచార హక్కు దరఖాస్తుకి రుసుము పది రూపాయలు, గడువు ముప్పై రోజులు. రెవెన్యూ ఆఫీసుకొకటి, హెచ్‌ఎండీఏకొకటి, పరిశ్రమల మౌలిక వసతుల సంస్థకొకటి, మున్సిపల్ సర్కిల్‌కొకటి వెయ్యాలి. బస్తీల్లో పనిచేసే సంఘాలు ఒక్కో శ్మశానానికీ ఇద్దరు చొప్పున వెళ్లి చూసి రావాలి, పట్టపగలు, మన కాళ్ల మీద మనం నడిచి, గేటు లోపలికి.