మగపిల్లాడి నిక్కరు ఎవరు కుట్టాలి?

ఈ శీర్షిక చూసి ముసిముసిగా నవ్వుకునే మిత్రులు మన కాలేజీలో చాలామందే వుంటారని నాకు తెలుసు. వార్షిక సంచిక అన్న తర్వాత దేశ సమస్యల మీదో, యువతరం కర్తవ్యం మీదో రాయాలి గాని, నిక్కర్ల మీదా జేబుల మీదా రాయడమేమిటని వారి సందేహం కావచ్చు. కాని దేశం ఎక్కడో ఆకాశంలో వేలాడుతూ వుండదు గదా! మన ఇంటి దండెం మీద ఆరేసిన ఐదేళ్ళ కుర్రాడి లాగులో కూడా కొంత దేశం వుంది. ఆ గుడ్డ ఎక్కడ నేశారు, ఎవరు కత్తిరించారు, ఎవరు కుట్టారు, కుట్టినవాళ్ళకి ఏం ముట్టింది అని నాలుగు ప్రశ్నలు వేసి చూడండి. మనం పరీక్షలకి బట్టీ పట్టే ఆర్థిక శాస్త్రం అంతా అందులోంచే బయటికి వస్తుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చిన్న మగపిల్లల బట్టలు వీలైనంతవరకు ఇంట్లోనే కుట్టుకోవాలి. అయితే ఆ కుట్టేది అమ్మ ఒక్కతే కాకూడదు. ఇందులో మొదటి మాట ఒప్పుకుని రెండో మాట జారవిడిచేవాళ్ళతోనే నాకు పేచీ.

కుట్టుమిషను వున్న ఇళ్ళల్లో ఏమేమి కుడతారో గమనించండి. జాకెట్లు, లంగాలు, దిండు గలీబులు, ఆడపిల్లకి గౌన్లు. గౌనుకి కుచ్చు పెట్టాలా, చేతికి బుట్ట పెట్టాలా అని పండక్కి నెల రోజుల ముందు నించే చర్చలు నడుస్తాయి. మగపిల్లాడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం "వాడిదేముంది, బజార్లో రెండు జతలు కొనేస్తే సరి" అని తేల్చేస్తారు. కాలరు కష్టం, జేబు కష్టం, జిప్పు మరీ కష్టం అని ఒక భయం పాతుకుపోయింది. ఐదేళ్ళ లోపు పిల్లాడికి జిప్పుతో పనేమిటి? నడుముకి ఎలాస్టిక్ ఎక్కించిన నిక్కరయితే వాడంతట వాడే కిందికి లాక్కుంటాడు, వాడే పైకి లాక్కుంటాడు. జిప్పుతో కుస్తీ పట్టలేక అంగన్‌వాడీలో తడుపుకుని ఏడ్చే పిల్లాణ్ణి చూసినవాళ్ళకి ఈ సంగతి విడమర్చి చెప్పనక్కర్లేదు. కాలరు రాకపోతే గుండ్రటి మెడ పెట్టి జుబ్బా కుట్టండి. రోహిణీ కార్తెలో రోళ్ళు పగిలే మన ఎండలకి మెడచుట్టూ బిగుసుకునే కాలరు కంటె అదే మేలు. బజార్లో చవగ్గా దొరికే పాలియెస్టరు చొక్కా చెమట పీల్చదు. మెత్తటి నేతగుడ్డ పీలుస్తుంది. పిల్లాడి వీపు మీద చెమటకాయలు చూస్తే ఏ గుడ్డ మంచిదో తెలిసిపోతుంది.

ఇది చిన్నపని అని తీసిపారేసేవాళ్ళు ఒకసారి కత్తెర చేతపట్టి చూడాలి. గుడ్డ కొనగానే కోయకూడదు. రాత్రంతా నీళ్ళలో నానబెట్టి ఆరేసి, అది ముడుచుకోవలసినంత ముడుచుకున్నాకే కోయాలి. లేకపోతే మొదటి ఉతుకుతో పిల్లాడి చొక్కా బొమ్మ చొక్కా అయిపోతుంది. ముక్కలు పడుగు వాటంగా, అంటే నిలువు పోగు నిలువుగా వచ్చేట్టు పరచాలి. అడ్డదిడ్డంగా కోస్తే నాలుగు ఉతుకులకి మెలితిరిగి ఒక కాలు ముందుకి, ఒక కాలు పక్కకి పోతుంది. నిక్కరు వెనక ముక్క ముందు ముక్క కంటె నడుము దగ్గర ఎత్తుగా వుండాలి. ఎందుకంటే పిల్లాడు నిలబడే వుండడు; గొంతుక్కూర్చుంటాడు, పాకుతాడు, గోడలెక్కుతాడు. రెండు ముక్కలూ సమానంగా కోసేస్తే కూర్చున్నప్పుడల్లా వెనక జారుతుంది, నాలుగు రోజులకి కాళ్ళ మధ్య పిగులుతుంది. అక్కడ ఒక కుట్టు చాలదు, దాని మీద రెండోది పడాలి. జేబు మూలల్లో కుట్టు వెనక్కీ ముందుకీ రెండుసార్లు తిప్పి గట్టిచెయ్యాలి. ఇవన్నీ కొలతలూ వంపులూ లెక్కలే. జ్యామితి అని పేరు పెట్టి నల్లబల్ల మీద గీస్తే గౌరవం, నేల మీద గుడ్డ పరిచి సుద్దముక్కతో గీస్తే ఆడవాళ్ళ కాలక్షేపం! ఈ భేదం ఎవరు పెట్టారు?

"పెరిగే పిల్లాడు, కాస్త వదులుగా కుట్టవయ్యా" అని దర్జీతో చెప్పని తల్లి తెలుగుదేశంలో వుండదనుకుంటాను. ఆ ఒక్క మాటలో ఒక సంసారం బడ్జెట్టు వుంది. ఇంట్లో కుట్టుకున్నప్పుడు నిక్కరు అంచు రెండంగుళాలు లోపలికి మడవచ్చు, పక్క కుట్ల లోపల అంగుళం గుడ్డ వదిలిపెట్టవచ్చు. ఆర్నెల్లు పోయాక మడత విప్పితే అదే నిక్కరు ఇంకో ఏడాది వస్తుంది. రెడీమేడ్ నిక్కరు తిరగేసి చూడండి. చాలావాటిల్లో కుట్టు పక్కన వేలెడు గుడ్డయినా వుండదు, అంచుదాకా కత్తిరించి ఓవర్‌లాక్ చేసేసి వుంటుంది. అది పిల్లాడి ఈనాటి కొలతకి కుట్టింది. రేపు వాడు పెరిగితే మళ్ళీ కొనాల్సిందే. వ్యాపారానికి కావలసిందీ అదే.

ఇక పాతబట్టల సంగతి. చొక్కా ముందుగా చిరిగేది కాలరు దగ్గర, మోచేతుల దగ్గర. వీపు గుడ్డ నిక్షేపంలా వుంటుంది. నాన్న చొక్కా వీపులోంచి రెండేళ్ళ పిల్లాడి జుబ్బా వస్తుంది. ప్యాంటు చిరిగేది మోకాళ్ళ దగ్గర, పిర్రల దగ్గర. కాళ్ళ వెనకభాగంలోంచి పిల్లాడి నిక్కరు ముక్కలు వస్తాయి. పురిటి పిల్లలకి కొత్తబట్ట వేయకుండా ఉతికి ఉతికి మెత్తబడిన పాత నేతచీర ముక్కలతో జుబ్బాలు కుట్టే ఆచారం మన ఇళ్ళల్లో ఇప్పటికీ వుంది. పర్యావరణం మీద మనం సెమినార్లు పెట్టి చెప్పుకునేది మన అమ్మమ్మలు గుడ్డపీలికలతో చేసి చూపించారు.

"ఇంత శ్రమ ఎందుకు, రెడీమేడ్ చవగ్గా వస్తున్నప్పుడు?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కాని ఆ చవక ఎక్కడినించి వచ్చిందో కూడా అడగాలి గదా. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో ఢాకా దగ్గర రాణా ప్లాజా అనే భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. అందులో బట్టల ఫ్యాక్టరీలు నడిచేవి. ముందురోజే గోడలు బీటలు వారినా పనిలోకి రమ్మన్నారు. వాళ్ళు కుట్టినవి విదేశాల దుకాణాల్లో చవగ్గా అమ్ముడుపోయే బట్టలే. మన విశాఖ దగ్గర అచ్యుతాపురంలో కూడా వేలాది ఆడవాళ్ళు ఎగుమతి బట్టలు కుడుతున్నారు. వాళ్ళ ఉద్యోగాలు పోవాలని నేననను. ఆ చేతులకి మంచి కూలి దక్కాలంటాను. ఒక్క నిక్కరు స్వయంగా కుట్టినవాడికి దాని వెల ఎంత వుండాలో తెలుస్తుంది. కుట్టనివాడికి బేరమాడడం ఒక్కటే తెలుస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. యంత్రాల గురించి ఎన్నో అభ్యంతరాలు చెప్పిన గాంధీజీ 1924లో ఒక విద్యార్థితో సంభాషిస్తూ సింగర్ కుట్టుమిషనుకి మినహాయింపు ఇచ్చారు. భార్య చేత్తో కుట్టలేక పడుతున్న బాధ చూసి, ఆమె మీది ప్రేమతో సింగర్ ఆ మిషను తయారుచేశాడని ఆయన చెప్పారు. సింగర్ పేటెంటు 1851 నాటిది. అంతకు ముందే 1846లో ఎలియాస్ హోవ్ అనే ఆయన ఒక పేటెంటు పొందాడు. చరిత్ర మాట అటుంచి, గాంధీజీ చెప్పిన ఆ కథలో ఒక తమాషా వుంది. భార్య కష్టం చూసి భర్త యంత్రమే కనిపెట్టాడు గాని, "ఇలా ఇవ్వు, సగం నేను కుడతాను" అన్నట్టు మాత్రం లేదు!

మగవాడికి సూది రాదా అంటే, ఎందుకు రాదు? బజారులో టైలరు షాపుల వరస చూడండి. ప్యాంట్లు, చొక్కాలు కుట్టే చోట మిషను తొక్కేది ఎక్కువగా మగవాళ్ళే. తెలంగాణలో మేర కులంవారికి తరతరాలుగా అదే వృత్తి. అంటే బోర్డు కట్టి కూలి తీసుకుంటే కుట్టు మగవాడి వృత్తి, ఇంట్లో వూరికే కుడితే ఆడదాని ధర్మం. వంట విషయంలోనూ అంతే గదా. పెళ్ళిపందిట్లో గరిటె తిప్పితే వంటమాస్టారు, ఇంట్లో తిప్పితే అమ్మ.

ఆడవాళ్ళు కూలికి కుట్టినప్పుడయినా ఏం విలువ కడుతున్నాం? 2024లో తెలంగాణ ప్రభుత్వ బడుల పిల్లల యూనిఫాం కుట్టే పని స్వయం సహాయక సంఘాల మహిళలకి అప్పగించారు. మంచి పని. కుట్టుకూలి జతకి 50 రూపాయల నించి 75 రూపాయలకి పెంచారు. పెంచినందుకు సంతోషించాలి. కాని జత అంటే పైదీ కిందిదీ రెండూ. రెండిటికీ కలిపి ఆ సొమ్ము. మనం హాస్టలు బయట తాగే టీలూ తినే బజ్జీల లెక్కతో పోల్చి చూసుకోండి.

అందుకే "ఇంటి కుట్టు బంగారం" అని వూరికే పొగిడేవాళ్ళంటే నాకు భయం. వంట, అంట్లు, నీళ్ళు, పొలం, కొందరికి ఉద్యోగం, వీటన్నిటి మీద "పిల్లాడి బట్టలు కూడా నువ్వే కుట్టు" అని అమ్మ నెత్తిన ఇంకో బిందె పెట్టడమే ఆ పొగడ్త ఫలితమయితే, బజారు నిక్కరే నయం. ఇంటి కుట్టు మంచిది కావాలంటే అది ఇంటిదంతా కావాలి.

నా సంగతి చెబితే గొప్పలనుకోకండి. మా అక్క కొడుక్కి నాలుగేళ్ళు. మేనమామ బట్టలు పెట్టడం మన సంప్రదాయం. నేను కొని పెట్టకుండా, కుట్టి పెడుతున్నాను. మా అమ్మ దగ్గర కాలిమిషను తొక్కడం నేర్చుకుని నా పాత ప్యాంట్లలోంచి వాడికి రెండు నిక్కర్లు తీశాను. తొడుక్కోగానే వాడు అందం చూసుకోలేదు, "మామా, జేబేదీ?" అన్నాడు. జేబులో గోళీలు పోసుకుని గలగలలాడిస్తూ వీధంతా తిరిగాడు. పక్కనే వున్న అక్క, "నా చిన్నప్పుడు ఒక్క గౌనుకీ జేబు లేదురా" అంది. ఆ మాట నాకు గట్టిగా తగిలింది. జేబు కొడుకుకి, సూది కూతురికి, మనం పిల్లల్ని పెంచే పద్ధతి ఇదన్నమాట! హాస్టల్లో నన్ను "ఏరా టైలరూ" అని పిలిచే స్నేహితులున్నారు. గుండీ వూడినప్పుడు వాళ్ళు తట్టేది నా గది తలుపే కాబట్టి నాకేం కోపం లేదు.

ఇంట్లో కుట్టుకుంటే దర్జీ పొట్ట కొట్టినట్టవుతుందని ఒక వాదన వుంది. దర్జీకి పిల్లల బట్టల పని తగ్గించింది ఇంటి మిషను కాదు, రెడీమేడ్ దుకాణం. 2023లో మొదలైన పి.ఎం. విశ్వకర్మ పథకం 18 చేతివృత్తుల్లో దర్జీపనిని చేర్చింది. అంటే ఆ వృత్తికి చేయూత కావాలని ప్రభుత్వమే ఒప్పుకుంది. కుట్టు తెలిసినవాడు దర్జీకి శత్రువు కాడు. వాడు కష్టమైన పని దర్జీ దగ్గరికి తీసుకువెళతాడు, కూలి దగ్గర పేచీ పెట్టడు.

చేతిపనిని చదువులో కలపాలని మన పెద్దలు చెప్పడం కొత్తకాదు. 1937లో వార్ధాలో అదే చెప్పారు. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ సమాజానికి ఉపయోగపడే ఉత్పాదక శ్రమ బడుల్లో వుండాలంది. 2020 జాతీయ విద్యా విధానం 6 నించి 8 తరగతుల పిల్లలు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక వృత్తిపనివారి దగ్గర నేర్చుకోవాలంది. కాగితాలకి లోటులేదు. లోటల్లా సూదికే.

కాబట్టి మన విద్యార్థి సంఘానికి నాదొక విన్నపం. మైకులకీ షామియానాలకీ అయ్యే ఖర్చులో కొంత మిగిల్చి, వచ్చే సంవత్సరం మగపిల్లల హాస్టల్లో రెండు పాత కాలిమిషన్లు పెట్టండి. వూళ్ళోని ఒక దర్జీగారిని శనివారం మధ్యాహ్నాలు పిలిచి, అధ్యాపకులకి ఇచ్చినట్టే గౌరవ వేతనం ఇచ్చి నేర్పించమనండి. ఆడపిల్లలూ రావచ్చు, కాని మగపిల్లలు రావాలి. మొదట గుండీ, తర్వాత కాజా, ఆ తర్వాత ఎలాస్టిక్ నిక్కరు. కాలేజీ పక్కనున్న అంగన్‌వాడీ పిల్లలకి ఒక్కొక్కరికి ఒక్కొక్క నిక్కరు, ఆడపిల్లలకి జేబులున్న గౌన్లు, మన చేతులతో కుట్టి ఇద్దాం. కొలతలు తీసుకునేటప్పుడు మాత్రం ఒక సంగతి గుర్తుంచుకోండి. వాళ్ళు పెరిగే పిల్లలు, కాస్త వదులు వుండాలి.