శిలారోహణకు తోడు యోగం

తెలంగాణలోని భువనగిరి పట్టణంలో ఒకే శిలగా నింగికెగసిన కొండ ఒకటి ఉంది. చాళుక్య చక్రవర్తి త్రిభువనమల్ల విక్రమాదిత్యుని పేరుతో ముడిపడిన కోట దాని శిరస్సున నిలిచి ఉంది. ఒకప్పుడు శత్రువును అడ్డుకొనడానికి ఎన్నుకొన్న ఆ నిటారు శిల నేడు ఎక్కడం నేర్పే పాఠశాల అయింది. 2014 మే 25న, 13 ఏళ్ల 11 నెలల ప్రాయంలో ఎవరెస్టును అధిరోహించిన మాలావత్ పూర్ణ, ఆమెతోపాటు ఆ శిఖరాన్ని చేరిన సాధనపల్లి ఆనంద్ కుమార్ తొలి శిక్షణ పొందింది భువనగిరిలోనే. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఈ విద్యకు తొలిసారిగా ఒలింపిక్ క్రీడ హోదా కూడా లభించింది. యువత చూపు ఇటు మళ్లుతున్న తరుణంలో ఒక సత్యాన్ని గుర్తించడం అవసరం. శిలను ఎక్కడానికి బలం కావాలి. ఆ బలం దేహాన్ని చెరచకుండా నిలవడానికి యోగం కావాలి.

శిలారోహణ కేవలం చేతుల బలంతో సాగే పని అని చూసేవారు తలుస్తారు. కొత్తగా నేర్చేవారూ అలాగే తలచి, మోచేతులు వంచి, శరీర భారమంతా చేతులపై మోపి వేలాడుతారు. కొద్దిసేపటికే ముంజేతులు బిగుసుకుపోయి పట్టు సడలుతుంది. అనుభవజ్ఞుల తీరు వేరు. వారు చేతులు చాచి, భారాన్ని పాదాలపై నిలిపి, కాళ్ల బలంతో పైకి లేస్తారు. నడుము ఎత్తున ఉన్న అంచుపై పాదం మోపాలంటే తుంటి కీలు విచ్చుకోవాలి. దేహం శిలకు చేరువగా ఉండాలంటే మోకాళ్లు పక్కలకు వాలాలి. బద్ధకోణాసనం, మలాసనం అలవరచేది ఈ నేర్పునే. బొటనవేలు మాత్రమే ఆనే చోట నిలవగల నిలుకడకు వృక్షాసనం నేలమీదనే బీజం వేస్తుంది.

శిలారోహణలో పదేపదే జరిగేది లాగడం. అందువల్ల వీపు, ముంజేతుల కండరాలు బలపడతాయి. నెట్టే పని చేసే ఛాతీ కండరాలు, మోచేతి వెనుక కండరాలు ఆ మేరకు వెనుకబడతాయి. ఈ అసమతౌల్యం ముదిరితే భుజాలు ముందుకు వంగవచ్చు, కీళ్ల నొప్పులు తలెత్తవచ్చు. చతురంగ దండాసనం, అధోముఖ శ్వానాసనం నెట్టే బలాన్ని పెంచుతాయి. భుజంగాసనం ముడుచుకొన్న ఛాతీని విప్పుతుంది.

ఎత్తున నిలిచినప్పుడు దేహం కన్నా ముందు సడలేది ధైర్యం. భయం కలిగిన మనిషి తెలియకుండానే ఊపిరి బిగబడతాడు. ఊపిరితోపాటు కండరాలూ బిగుస్తాయి. అవసరానికి మించి గట్టిగా పట్టి త్వరగా అలసిపోతాడు. ప్రాణాయామం శ్వాసను గమనించడం నేర్పుతుంది. మంచి పట్టు దొరికిన చోట ఒక్క క్షణం ఆగి దీర్ఘంగా ఊపిరి విడిస్తే మనసు కుదుటపడి దారి కనిపిస్తుంది. వాల్మీకి సుందరకాండలో హనుమంతుడు సముద్ర లంఘనానికి ముందు బాహువులను బిగించి, నడుమును కుదించి, ఆకాశం వైపు చూపు సారించి, ప్రాణవాయువును హృదయంలో నిరోధిస్తాడు. అది భయంతో బిగిసిన ఊపిరి కాదు, సంకల్పంతో నిలిపిన శ్వాస. ఈ రెంటికీ గల భేదాన్ని తెలియజేయడమే యోగాభ్యాస ఫలం.

అయితే యోగం అన్నిటికీ చాలునని చెప్పడం అతిశయోక్తి. ఆసనాలలో లాగే పని దాదాపు లేదు. వేళ్ల బలాన్ని శిలను పట్టి సాధించవలసిందే. కండరాల కన్నా స్నాయువులు నెమ్మదిగా బలపడతాయి గనుక అక్కడ తొందర తగదు. ఎక్కబోయే ముందు ఒకే భంగిమలో చాలాసేపు సాగదీసిన కండరాల బలం కొంతసేపు తగ్గవచ్చు. కాబట్టి ముందుగా సూర్య నమస్కారాలు, దిగివచ్చిన పిదప దీర్ఘమైన ఆసనాలు, చివర శవాసనం అనే క్రమం మేలైనది. తాడు, శిరస్త్రాణం, ముడిని సరిచూసే సహచరుడు వంటి రక్షణలకు ఏ ఆసనమూ బదులు కాదు.

చిత్తవృత్తులను నిరోధించే శాస్త్రాన్ని ఒక ఆటకు సేవకురాలిని చేయడం తగునా అని ప్రశ్నించేవారు ఉన్నారు. ఈ ఆక్షేపణను తేలికగా తోసివేయరాదు. పతంజలి చెప్పిన ఎనిమిది అంగాలలో ఆసనం ఒకటి మాత్రమే. కాని ఆయన ఆసనానికి కోరిన గుణాలు స్థిరత్వం, సుఖం. ఆ రెండింటినీ శిల నిక్కచ్చిగా పరీక్షిస్తుంది. చాప మీద నిలిచిన మనసు కొండ అంచున చెదిరితే, అభ్యాసం ఇంకా పండలేదని తెలుస్తుంది. ఆ విధంగా శిలారోహణ కూడా యోగానికి తిరిగి మేలు చేస్తుంది.

కళాశాలలు ఆలోచించవలసినది ఇక్కడే. ఐక్యరాజ్యసమితి 2014లో ప్రకటించిన అంతర్జాతీయ యోగా దినోత్సవం 2015 నుండి ఏటా జూన్ 21న జరుగుతోంది. ఆనాడు పరచిన చాపలను మరునాడు చుట్టి అటకెక్కిస్తే ప్రయోజనమేమిటి? పొద్దస్తమానం పుస్తకంపై వంగే ఇంటర్మీడియట్ విద్యార్థి భుజాలు కూడా ముందుకు ఒరుగుతున్నాయి; పరీక్ష గదిలో అతని ఊపిరి కూడా బిగుసుకొంటోంది. దినానికి ఇరవై నిమిషాల యోగాభ్యాసం, శిక్షకుల పర్యవేక్షణలో అప్పుడప్పుడు శిలారోహణ చదువుకు ఆటంకాలు కావు. అవి చదువులో భాగాలే. మార్కుల కోసం దేహాన్ని మరచిన విద్య విద్యార్థిని ఎంత ఎత్తుకు చేర్చినా అక్కడ నిలపలేదు. కొండ ఎక్కినవాడు దిగివచ్చిన తరువాత కూడా నిటారుగా, నిబ్బరంగా నిలవగలిగినప్పుడే ఆ ఆరోహణ సఫలం.