వాడు అరిస్తే ఫ్యాన్, మనోడు అరిస్తే మాసా?

ముందే చెప్తున్నా, ఇది సినిమా రివ్యూ కాదు. అవెంజర్స్ ఎండ్‌గేమ్ 2019 ఏప్రిల్ 26న వచ్చింది. ఇన్నేళ్ళ తర్వాత రివ్యూ రాస్తే మీరే నవ్వుతారు. నా గొడవంతా ఆ సినిమా చూసినవాళ్ళ గురించి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, చూసినవాళ్ళని చూసి ముక్కు విరిచేవాళ్ళ గురించి.

రాబర్ట్ డౌనీ జూనియర్ మళ్ళీ వస్తున్నాడు, ఈసారి డాక్టర్ డూమ్‌గా అని 2024 జూలైలో ప్రకటించారు కదా. అప్పట్నుంచీ మా ఆఫీసులో లంచ్ టేబుల్ దగ్గర ఇదే చర్చ. ఏ స్క్రీన్, ఏ ఫార్మాట్, ఏ వరసలో సీటు... ఓ రోజు మాటల్లో, ఎండ్‌గేమ్ నేను మొదటిసారి నిజామాబాద్‌లో, తెలుగులో చూశానన్నాను. టేబుల్ దగ్గర కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకాయన నిజంగానే జాలిపడుతూ, "అయ్యో, ఆ ఈలల్లో నీకేం అర్థమైంది?" అన్నాడు. ఆయనదీ మా వైపే, బోధన్ దగ్గర ఊరు. అదీ అసలు మంట.

వాళ్ళ మొదటి ఆరోపణ ఏంటంటే, టౌన్ జనానికి కామిక్స్ తెలీవు, ఊరికే అరుస్తారు. సరే. మనలో ఎంతమందికి తెలుసండీ? 1963లో స్టాన్ లీ, జాక్ కర్బీ కలిసి తెచ్చిన అవెంజర్స్ మొదటి సంచికని చేత్తో ముట్టుకున్నవాళ్ళు మన క్యుబికల్స్‌లో ఎవరున్నారు? మనందరం సినిమా చూసొచ్చి, రాత్రి వికీపీడియా చదివి, పొద్దున్న పండితులమైనవాళ్ళమే. 1991 నాటి 'ఇన్ఫినిటీ గాంట్లెట్' కామిక్‌లో థానోస్ సగం విశ్వాన్ని ఎందుకు చంపుతాడో తెలుసా? మృత్యువు అనే ఆడమనిషి మీద ప్రేమతో, ఆవిడ మెప్పు కోసం! సినిమావాళ్ళు దాన్ని తీసేసి జనాభా, వనరులు అని వేరే కారణం పెట్టారు. అంటే 'ఒరిజినల్, ఒరిజినల్' అని మనం గుండెలు బాదుకునేది కూడా ఒరిజినల్ కాదు :)

కెప్టెన్ అమెరికా థోర్ సుత్తిని ఎత్తే సీన్ సంగతే చూడండి. కామిక్స్‌లో అది 1988లోనే, థోర్ 390వ సంచికలో జరిగిపోయింది. మా హాల్లో ఆ సంచిక చదివినవాడు ఒక్కడు కూడా ఉండి ఉండడు. అయినా ఆ సుత్తి ఎగిరొచ్చి వాడి చేతిలో పడగానే హాలు హాలంతా లేచింది. నా పక్కనున్నాయన తెలియని మనిషి, నా భుజం పట్టుకుని ఊపేస్తూ "లేపిండ్రా! లేపిండు!" అని ఒకటే అరుపు. ఎందుకు? అర్హత ఉన్నవాడే ఎత్తగలిగే వస్తువు కథ మనకి కొత్తా? శివధనుస్సు ఎవరెత్తారో ఒకటో తరగతి నుంచీ వింటున్న జనానికి సుత్తి గురించి ఎవరో వచ్చి క్లాసు పీకాలా? అన్నట్టు, బోధన్ అంటే ఒకప్పటి ఏకచక్రపురమని, భీముడు బకాసురుణ్ణి చంపింది ఇక్కడేనని మా వైపు చెప్పుకుంటారు. ఏకచక్రేశ్వరాలయం ఇప్పటికీ ఉంది. ఊరి మీద పడి తినేసే రాక్షసుడు, వాణ్ణి పట్టడానికి వెళ్ళే బలవంతుడు... మాకు ఫేజ్ వన్ ఎప్పుడో అయిపోయింది.

ఇక్కడ నాకు ఒళ్ళు మండే విషయం ఇంకోటుంది. ఇదే సీన్‌కి అమెరికాలో హాళ్ళు ఎలా దద్దరిల్లాయో జనం రికార్డు చేసిన వీడియోలు యూట్యూబ్‌లో ఉన్నాయి. వాటిని మన టీమ్ గ్రూపుల్లో 'గూస్‌బంప్స్' అని పంచుకున్నది మనమే. అక్కడ కేక పెడితే ఫ్యాండమ్, కమ్యూనిటీ ఎక్స్‌పీరియన్స్. నిజామాబాద్‌లో అదే సెకనుకి, అదే సుత్తికి, అదే కేక పెడితే మాస్, లేబర్, 'సినిమా చూడ్డం రాని జనం'. లాజిక్ ఎక్కడుందో కాస్త డీబగ్ చేసి పెట్టండి.

ఇంకా ముందుకెళ్దాం. 2018లో జపాన్‌లో బాహుబలికి ప్రత్యేకంగా 'అరుపుల షో'లు వేశారు. టికెట్ కొనుక్కుని, వేషాలేసుకుని, గొంతు చించుకుని అరవడానికే ఆ షో! 2022 సెప్టెంబర్ 30న లాస్ ఏంజెలెస్‌లోని టీసీఎల్ చైనీస్ థియేటర్లో ఆర్ఆర్ఆర్ వేస్తే జనం సీట్లు వదిలి తెర ముందుకెళ్ళి డాన్స్ చేశారు. ఆ క్లిప్ చూసి మన ఛాతీలు ఎంత ఉబ్బాయి! మనవాళ్ళు దశాబ్దాలుగా చేస్తున్న పనిని తెల్లవాడు ఓ రాత్రి చేసేసరికి అది సంస్కృతి అయిపోయింది.

"మరి సంధ్య థియేటర్ దగ్గర జరిగింది?" అని అడుగుతారని తెలుసు. 2024 డిసెంబర్ 4 రాత్రి పుష్ప 2 ప్రీమియర్ తొక్కిసలాటలో ఓ తల్లి చనిపోయింది. దాన్ని తేలిగ్గా తీసుకునేవాడు మనిషే కాదు. హాల్లో టపాకాయలు కాల్చడం, ఫోన్ లైటేసి తెరని వీడియో తీయడం... వీటిని నేనూ సమర్థించను, మొదటిదానికి కేసు పెట్టాల్సిందే. కానీ ఈల తొక్కిసలాట కాదు. గుంపుని అదుపు చెయ్యడం చేతకాని చోట జరిగిన చావుని తెచ్చి, సీట్లో కూర్చుని చప్పట్లు కొట్టినవాడి నెత్తిన రుద్దితే ఎలా?

ఇక డబ్బింగ్. "థానోస్‌కి రానా గొంతేంటి, ఛండాలం!" అంటారు. అయ్యలారా, రాజశేఖర్‌కి సాయికుమార్ గొంతు అరువిస్తే ఏళ్ళ తరబడి విన్నాం. 'అరుంధతి'లో సోనూ సూద్ మొహానికి పి. రవిశంకర్ గొంతు పెడితే రాష్ట్రమంతా వణికింది. మన సినిమాలకే అతుకు గొంతు ఒప్పుకున్నవాళ్ళం, కంప్యూటర్‌లో బొమ్మ గీసిన ఊదారంగు మనిషికి తెలుగు గొంతు పెడితే కళకి అపచారం జరిగిందా? పైగా మా హాల్లో థానోస్ నోరు తెరవగానే ఎవడో "భల్లాలదేవా!" అని అరిచాడు. అంతా నవ్వారు. కానీ ఆ ఒక్క పేరుతో వాడెలాంటివాడో, ఎంత అహంకారమో మొత్తం అర్థమైపోయింది. ఇంగ్లీషులో చూసినవాళ్ళకి దొరకని బోనస్ అది.

సరే, ఈలల గురించి ఇంత మాట్లాడాం. మా లంచ్ టేబుల్ పెద్దమనిషి ఎప్పుడూ లెక్కలోకి తీసుకోనిది ఒకటుంది. నిశ్శబ్దం.

సినిమాలో స్కాట్ లాంగ్ ఐదేళ్ళ తర్వాత బయటికొస్తాడు. వాడికి అయిదు గంటలే గడిచాయి. వీధులన్నీ ఖాళీ, ఇళ్ళ ముందు చెత్త, పేర్లు చెక్కిన రాళ్ళు. అప్పటిదాకా గోల గోలగా ఉన్న హాలు చల్లబడిపోయింది. వెనక వరసలోంచి ఓ కుర్రాడు మెల్లగా, "మన శక్కర్‌నగర్ లెక్కనే ఉన్నది రా" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. తెలియనివాళ్ళ కోసం: బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం కాలంలో, 1937లో పెట్టిన చక్కెర ఫ్యాక్టరీ. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకునేవాళ్ళు. 2002లో 51 శాతం వాటా ప్రైవేటుకి వెళ్ళింది, 2015 డిసెంబర్‌లో లే ఆఫ్. ఎండ్‌గేమ్ వచ్చేనాటికి మూడు సీజన్ల పైనే అయింది చెరుకు బళ్ళు ఆ గేటుకి రాక. చిటికె వేస్తే సగం ఊరు మాయమవడం అంటే ఏంటో ఆ కుర్రాడికి గ్రాఫిక్స్ పెట్టి చూపించనక్కర్లేదు.

తర్వాత స్కాట్ కూతురి ఇంటి తలుపు కొడతాడు. చిన్నపిల్లని వదిలి వెళ్ళినవాడి ముందు ఎదిగిన పిల్ల నిలబడి ఉంటుంది. తెలంగాణలో గల్ఫ్‌కి ఎక్కువమంది వెళ్ళే జిల్లాల్లో మాదొకటి. దుబాయికో, మస్కట్‌కో పోయి నాలుగైదేళ్ళకి తిరిగొచ్చి, గుమ్మంలో నిలబడిన పిల్ల తన కూతురేనా అని ఓ క్షణం ఆగిపోయిన తండ్రులు మా ప్రతి వీధిలో ఉన్నారు. ఆ సీన్‌కి మా హాల్లో ఒక్క ఈల లేదు. నా ముందు వరసలో ఓ నడివయసాయన కర్చీఫ్ తీసి మొహమంతా తుడుచుకున్నాడు, చెమట పట్టినట్టు. ఏసీ హాలే అది.

తర్వాత అదే సినిమా హైదరాబాద్‌లో మల్టీప్లెక్స్‌లో, ఇంగ్లీషులో చూశాను. సౌండ్ అద్భుతం, తెర పెద్దది. అదే సీన్‌కి నా ఎడమపక్కాయన నాచోస్ ఆర్డర్ చేసుకున్నాడు, కుడిపక్కాయన ఆఫీస్ మెయిల్ చూసుకున్నాడు. ఎవరూ అరవలేదు, నిజమే. చాలా డిసెంట్ క్రౌడు.

ఇంతకీ, డాక్టర్ డూమ్ మొహం ఎటూ ముసుగులోనే ఉంటుంది కదా, తెలుగులో ఎవరు చెప్తే బావుంటుందంటారు? నా ఓటు పి. రవిశంకర్‌కి. నేనైతే నిజామాబాద్‌లోనే చూస్తాను. మా లంచ్ టేబుల్ పెద్దాయనకి కూడా ఓ టికెట్ తీసి పెడతానని చెప్పాను, ఇంకా ఔననీ అనలేదు, కాదనీ అనలేదు.