చదవడం నేర్పని బడి

మూడో తరగతి పిల్లలకు రెండో తరగతి తెలుగు పాఠం ఇచ్చి చదవమంటే ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లో చదవగలిగింది 10.3 శాతం. తెలంగాణ గ్రామాల్లో 5.2 శాతం. గ్రామీణ పిల్లల చదువును కొలిచే ‘అసర్’ సర్వే బృందాలు 2022లో ఇంటింటికీ తిరిగి, పిల్లలను ఒక్కొక్కరినే కూర్చోబెట్టి తేల్చిన లెక్క ఇది. ప్రభుత్వ బడుల పిల్లలతో పాటు ప్రైవేటు బడుల పిల్లలూ ఇందులో ఉన్నారు. కరోనా కాలంలో బడులు మూతపడ్డందువల్లే ఇలా జరిగిందని అప్పట్లో సర్దిచెప్పారు. 2018లో కరోనా లేదు. అప్పుడైనా ఆంధ్రప్రదేశ్‌లో 22.6, తెలంగాణలో 18.1 శాతమే. బడులు సజావుగా నడిచిన రోజుల్లోనే ప్రతి అయిదుగురిలో దాదాపు నలుగురికి చదవడం రాలేదు.

ఈ తప్పు పిల్లలది కాదు. పొద్దున్నే కూలికి పోయే తల్లిదండ్రులదీ కాదు. అయిదు తరగతులను ఒక్కరే లాక్కొస్తున్న టీచరు మీద నెట్టేసి చేతులు దులుపుకోవడానికీ వీల్లేదు. పిల్లలకు చదవడం, రాయడం ఎలా వస్తాయో దశాబ్దాల పరిశోధన తేల్చి చెప్పాక కూడా దాన్ని ఒకటో తరగతి గదిదాకా చేర్చని రెండు రాష్ట్రాల విద్యాశాఖలూ, వాటిని నడిపిన ప్రభుత్వాలూ దోషులు. పార్టీలు మారాయి, పథకాల పేర్లు మారాయి, బడి గోడల రంగులు మారాయి. పలక పట్టుకుని కూర్చున్న పిల్లకు అక్షరం నేర్పే తీరు మాత్రం మారలేదు.

మాట్లాడటం పిల్లలకు ఇంట్లో వింటూ వింటూ వచ్చేస్తుంది. చదవడం అలా రాదు. మెదడులో చదువుకంటూ పుట్టుకతో ఏర్పడిన చోటు లేదనీ, వస్తువులనూ ముఖాలనూ గుర్తుపట్టే భాగంలోనే కొంత మేర అక్షరాలకు అలవాటు పడుతుందనీ ఫ్రాన్స్ శాస్త్రవేత్త స్తానిస్లాస్ దెహాన్ పరిశోధనలు చూపాయి. ఆ అలవాటు చేయించాల్సింది బడి. 1986లో గాఫ్, టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు చదవడాన్ని ఒక గుణకారంగా చెప్పారు: అక్షరాలను కూడబలుక్కుని పదంగా పలకగలగడం ఒకటి, పలికిన భాష అర్థం కావడం రెండోది. రెండింటిలో ఏది సున్నా అయినా లబ్ధం సున్నాయే. 2000లో అమెరికాలో నేషనల్ రీడింగ్ ప్యానెల్ అప్పటిదాకా వచ్చిన ప్రయోగాలన్నీ జల్లెడ పట్టి, ధ్వనులను విడదీసి గుర్తించడం, అక్షరానికీ ధ్వనికీ ఉన్న లంకెను క్రమపద్ధతిలో నేర్పడం, తడబడకుండా చదివించడం, పదసంపద, అవగాహన అనే అయిదింటినీ తప్పనిసరి అంది. వీటిలో ఏ ఒక్కదాన్నీ పిల్లల అదృష్టానికి వదిలేయకూడదని దాని సారాంశం.

అయితే ఇంగ్లిష్ కోసం తయారైన పాఠాల క్యాలెండర్‌ను తెచ్చి తెలుగు తరగతి గోడకు తగిలిస్తే సరిపోదు. ఇంగ్లిష్ పిల్లకు 26 అక్షరాలు. మన పిల్లకు వర్ణమాలతో పని మొదలవుతుందంతే. ముప్పై అయిదు హల్లులకు పన్నెండేసి గుణింతపు రూపాలు లెక్కవేసుకున్నా నాలుగు వందలు దాటుతాయి. ఒత్తులు వేరే. ‘తలుపు’ అనే చిన్న మాటను తీసుకోండి. ‘లు’లో కొమ్ము ఒక తీరు, ‘పు’లో ఇంకో తీరు. పలికే ధ్వని ఒకటే, కంటికి కనబడే గీత వేరు. పెద్దవాళ్లం ఈ తేడాను గమనించం కూడా. ఆరేళ్ల పిల్లకు అది కొత్త చిక్కు, దాన్ని ఎవరో ఒకరు విడమరిచి చెప్పాలి. ‘అమ్మ’లో మకు మ ఒత్తు పెడితే దాని ఆకారం మారిపోతుంది. తకు త ఒత్తు, రకు ర ఒత్తు, యకు య ఒత్తు ఏవీ తల్లి అక్షరంలా కనబడవు.

మన లిపికి తోబుట్టువైన కన్నడ మీద పరిశోధకురాలు సొనాలీ నాగ్ ఏనాడో పని చేశారు. అక్షరాల మీద పూర్తి పట్టు రావడానికి నాలుగో తరగతి దాకా, కొందరికి ఆ తర్వాత కూడా పడుతుందని 2007లోనే ఆమె ప్రచురించిన అధ్యయనం చూపింది. తెలంగాణ నారాయణపేటకు ఆనుకుని ఉన్న కర్ణాటక యాదగిరి జిల్లాలోనూ, మహారాష్ట్రలోని వాడా ప్రాంతంలోనూ ఒకటి నుంచి మూడో తరగతి దాకా పిల్లల వెంట ఉండి పరిశీలించిన మరో పెద్ద అధ్యయనం 2017లో వెలువడింది. తరగతిలో ఎక్కువ సమయం అక్షరాల వల్లెకూ చూచిరాతకూ పోతోందని, ఇంత చేసినా మూడో తరగతి ముగిసేసరికి చాలామందికి గుణింతాలు, ఒత్తులు పట్టుబడటం లేదని, కథ వినిపించడం, అర్థం గురించి మాట్లాడటం దాదాపు లేవని అది తేల్చింది. మన పాఠ్య ప్రణాళిక ఒకటి, రెండు తరగతుల్లోనే అక్షరాల పని అయిపోయిందని అనుకుని ముందుకు పోతుంది. మూడో తరగతిలో ఒత్తుల మీద మళ్లీ కూర్చునే పీరియడ్ లేదు. పరిసరాల విజ్ఞానం పుస్తకం వచ్చేస్తుంది. అక్కడే తెగిపోయిన పిల్లలు పదో తరగతి దాకా తెగిపోయే ఉంటున్నారు.

అక్షరాలు నేర్పే క్రమం సంగతీ అంతే. వర్ణమాల వరసలోనే నేర్పితే, ‘పలక’ అన్న మాట రాకముందే పిల్లలు ఋ, ౠలతో కుస్తీ పట్టాలి. ఙ, ఞలు రోజువారీ మాటల్లో విడి అక్షరాలుగా తగలనే తగలవు. అదే ప, ల, క, త అనే నాలుగు అక్షరాలతో మొదలుపెడితే మొదటి వారంలోనే పలక, తల, కల, కలప చదువుతారు. దీర్ఘం, కొమ్ము కలిపితే తాత, పాప, పాలు, కాలు, తలుపు వచ్చి చేరతాయి. చదివిన ప్రతి మాటకూ ఇంట్లో ఒక వస్తువో మనిషో ఉంటారు. తాను చదవగలనన్న ధీమా పిల్లకు ఆ వారంలోనే రావాలి. వర్ణమాలను వల్లెవేయించడంలో తప్పేమీ లేదు, నిఘంటువు చూడటానికి పనికొస్తుంది. దాన్నే చదువు నేర్పే క్రమంగా పెట్టుకోవడం తప్పు.

ఇందుకు విరుగుడుగా వచ్చిన ఇంకో ధోరణి కూడా అంతే నష్టం చేసింది. బొమ్మ చూపించి, పదం మొత్తంగా చెప్పించి, అక్షరాలు వాటంతట అవే తెలిసిపోతాయని వదిలేశారు. పిల్లలు బొమ్మను చదవడం నేర్చుకున్నారు. ఏ మండలంలోనైనా రెండో తరగతికి వెళ్లి చూడండి: పాఠం మొత్తం గలగలా అప్పజెప్పే పిల్ల వేలు మొదటి పంక్తి మీద ఉంటుంది, నోరు మూడో పంక్తిలో ఉంటుంది. బొమ్మను చేత్తో మూసి, మధ్యలోంచి ఒక మాటను చూపించి ఇదేమిటని అడిగితే పిల్ల టీచరు ముఖంలోకి చూస్తుంది. ఆ పిల్లకు జ్ఞాపకశక్తి అద్భుతంగా ఉంది, తెలివికి లోటు లేదు. చదవడం మాత్రం ఎవరూ నేర్పలేదు. తనిఖీకి వచ్చిన అధికారి ఆ గలగల విని ‘వెరీ గుడ్’ అని రిజిస్టరులో సంతకం పెట్టి వెళ్లిపోతే తప్పు ఎవరిది?

రాయడం విషయంలో మన బడి చేస్తున్న అన్యాయం ఇంకా పెద్దది. బోర్డు మీద ఉన్నది పలకలోకి, పుస్తకంలో ఉన్నది నోటుపుస్తకంలోకి దింపడమే రాత అయిపోయింది. చేతి పని జరుగుతుంది, మనసులో మాట ఒక్కటీ కాగితం మీదికి రాదు. చేత్తో అక్షరం రాయడం చదువుకు మేలు చేస్తుందన్నది నిజమే. 2012లో ఇండియానా విశ్వవిద్యాలయంలో అయిదేళ్ల పిల్లల మీద చేసిన పరిశోధనలో, అక్షరాన్ని తమంతట తాము రాసిన తర్వాతే చదవడానికి పనికొచ్చే మెదడు భాగాలు చురుగ్గా స్పందించాయి. టైపు కొట్టినా, చుక్కల మీద దిద్దినా అంత స్పందన రాలేదు. కాబట్టి రాయించాల్సిందే. కానీ విన్న ధ్వనిని అక్షరంగా పెట్టడం, అంటే ఉక్తలేఖనం, రోజూ జరగాలి. నిన్న సాయంత్రం ఇంట్లో ఏం జరిగిందో రెండు ముక్కలు రాయమనాలి. ‘మా మేక ఈనింది’ అని ఒత్తులు తప్పో దీర్ఘాలు తప్పో రాసుకొచ్చిన పిల్ల, గైడులోంచి పది పేజీలు ఎక్కించిన పిల్లకంటే ముందుంది. ఆ తప్పులు చూస్తే టీచరుకు రేపు ఏం నేర్పాలో తెలుస్తుంది. గైడు రాతలో తప్పులుండవు కాబట్టి అక్కడ నేర్పడానికి దారే దొరకదు. రాయించడం వల్ల చదవడం కూడా మెరుగుపడుతుందని గ్రాహం, హెబర్ట్ అనే పరిశోధకులు 2010లో ఎన్నో అధ్యయనాలను కలిపి చూసి నిర్ధారించారు.

ఈ పనులేవీ చేయకుండా మన ప్రభుత్వాలు ఇన్నేళ్లూ దేని మీద పోట్లాడాయి? మాధ్యమం మీద. ఆంధ్రప్రదేశ్ 2019లో ఇంగ్లిష్ మీడియం జీవో తెచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టేసింది. తెలంగాణ 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం అంది. 2022 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు పంచింది. అక్కడే మూడో తరగతిలో దాదాపు తొంభై శాతానికి రెండో తరగతి పాఠం చదవడం రావడం లేదని అదే ఏడాది జరిగిన ‘అసర్’ సర్వే చెప్పింది. శాసనసభలో చర్చ దేని మీద జరగాలో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? ఇంగ్లిష్ మీద పేద తల్లిదండ్రుల ఆశ న్యాయమైనదే, దాన్ని తక్కువ చేసే హక్కు ఎవరికీ లేదు. కానీ తనకు తెలిసిన భాషలో అక్షరానికీ ధ్వనికీ లంకె కుదరని పిల్లకు, తెలియని భాషలో ఆ లంకె ఇంకా దూరం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేసిన అధ్యయనంలో, లాటరీ ద్వారా ప్రైవేటు బడుల్లో సీటు దొరికిన పిల్లలు నాలుగేళ్ల తర్వాత తెలుగులోనూ లెక్కల్లోనూ ప్రభుత్వ బడి పిల్లల కంటే ముందుకు పోలేదు. ఫీజు కట్టే తల్లులు ఈ సంగతి తెలుసుకోవాలి. కోయ, సవర, గోండు పిల్లలకైతే పాఠ్యపుస్తకపు తెలుగే పరాయి భాష. 2004లో ఎనిమిది ఆదివాసీ భాషల్లో మొదలుపెట్టిన బోధనను ఆ తర్వాత నిలకడగా పెంచి ఉంటే నేడు ఏజెన్సీ బడుల సంగతి వేరుగా ఉండేది.

చేయగలిగినవాళ్లు చేసి చూపించారు. అమెరికాలో అతి పేద రాష్ట్రాల్లో ఒకటైన మిసిసిపీ 2013లో నాలుగో తరగతి చదువులో దేశంలో 49వ స్థానంలో ఉండేది. ఆ ఏడాదే చట్టం చేసి, ప్రాథమిక టీచర్లందరికీ చదవడం నేర్పే శాస్త్రంలో శిక్షణ ఇచ్చి, వెనుకబడిన బడులకు అనుభవజ్ఞులను పంపి టీచరు పక్కనే నిలబెట్టి, పిల్లలను ఏడాదికి మూడుసార్లు పరీక్షించి, వెనుకబడ్డవాళ్లను వెంటనే పట్టుకుంది. 2024కి తొమ్మిదో స్థానానికి వచ్చింది. చదవలేని పిల్లలను మూడో తరగతిలోనే ఆపేసే నిబంధన కూడా ఆ చట్టంలో ఉంది. దాన్ని మాత్రం మనం తెచ్చుకోనక్కర్లేదు. నేర్పని బడిని వదిలేసి, నేర్చుకోలేకపోయిన పిల్లను శిక్షించడం మనం ఒప్పుకోదగినది కాదు.

కేంద్రం 2021 జూలైలో ‘నిపుణ్ భారత్’ ప్రకటించి, 2026-27 కల్లా మూడో తరగతి పిల్లలందరికీ చదువు, లెక్క రావాలని గడువు పెట్టింది. తెలంగాణ 2022 ఆగస్టు 15న అదే లక్ష్యంతో ‘తొలిమెట్టు’ మొదలెట్టింది. దిశ సరైనదే. కానీ మూడో తరగతి పిల్లలు నిమిషానికి 60 మాటలు చదవాలన్న ‘నిపుణ్ భారత్’ లక్ష్యం తెలుగుకు నేరుగా అతకదు. ‘వెళ్లిపోతున్నారంటే’ మనకు ఒక్క మాట, ఇంగ్లిష్‌లో అయిదారు. తెలుగులో అక్షరాల లెక్కన కొలవాలి, ఆ కొలమానాన్ని రెండు రాష్ట్రాల విద్యా పరిశోధన, శిక్షణ మండళ్లు (ఎస్‌సీఈఆర్‌టీలు) కలిసి కూర్చుని తయారు చేయాలి. లిపి ఒకటే కాబట్టి అక్షరాల క్రమం, గుణింతాల, ఒత్తుల క్యాలెండర్, మొదటి వాచకాలు కూడా ఉమ్మడిగా తయారు చేసుకోవచ్చు. అవి నాలుగో తరగతి దాకా సాగాలి. రాజకీయ విభేదాలకు ఇక్కడ తావులేదు.

ఒకటి, రెండు తరగతులకు విడిగా ఒక టీచరు ఉండాలి. బడిలో ఇద్దరు టీచర్లుంటే అనుభవం ఉన్నవారు అయిదో తరగతికీ, కొత్తగా వచ్చినవారు ఒకటో తరగతికీ వెళ్లే ఆనవాయితీని ఉత్తర్వుతో రద్దు చేయాలి. ఒకటి, రెండు తరగతుల టీచరు చేత ఫొటోలు తీయించి యాప్‌లో ఎక్కించే పనులేవీ చేయించకూడదు. రోజూ రెండు గంటలు చదవడం, రాయడం కోసమే ఉండాలి. అందులో ఇరవై నిమిషాలు టీచరు కథ చదివి వినిపించాలి. ప్రతి తరగతిలో పిల్లలు చేత్తో పట్టుకుని ఇంటికి తీసుకుపోగల కథల పుస్తకాలు ఉండాలి, బీరువాలో తాళం వేసినవి లెక్కలోకి రావు. టీచర్లకు శిక్షణ ఇచ్చే డైట్ కాలేజీల్లో ఒత్తులు ఎలా నేర్పాలో, తడబడే పిల్లతో ఏం చేయాలో చేయించి చూపకుండా ఏ విద్యార్థికీ ధ్రువపత్రం ఇవ్వకూడదు. టీచర్ల నియామకానికి జరిపే డీఎస్సీ ప్రశ్నపత్రంలోనూ ఈ విషయానికి మార్కులుండాలి.

ఇక లెక్క చూపడం. ప్రతి ఏటా మార్చిలో రెండో తరగతి పిల్లలను శాఖకు సంబంధం లేని బృందంతో నమూనాగా చదివించాలి. జిల్లాలవారీగా ఎందరు చదవగలిగారో ఆ వివరాన్ని విద్యాశాఖ మంత్రులు బడ్జెట్ సమావేశాల్లోనే సభ ముందు పెట్టాలి. ఏ జిల్లాలో పిల్లలు వెనుకబడ్డారో అక్కడి బడులకు జూన్‌లో తలుపులు తెరిచే నాటికి అదనపు టీచర్లు, శిక్షకులు చేరి ఉండాలి. రెండు రాష్ట్రాల విద్యాశాఖ మంత్రులు ఈ విద్యా సంవత్సరంలోనే ఈ మార్పులకు ఉత్తర్వులు ఇస్తారా, ఇవ్వరా? ప్రజలకు సూటిగా సమాధానం చెప్పాలి.