తప్పు బొగ్గుదా, పొయ్యిదా?



చదువులో వెనకబడిన విద్యార్థిని చూసి "వీడికి బుర్ర లేదు" అని తేల్చేయడం చాలా సులువు. అలా తేల్చేసేవారికి దక్షిణ అమెరికాలోని ఒక రైలుమార్గం సంగతి చెప్పాలని నా కోరిక.

అర్జెంటీనా దక్షిణ కొసన, పటగోనియా ప్రాంతంలో రియో తుర్బియో బొగ్గు గనులున్నాయి. అక్కడి బొగ్గును సుమారు 250 కిలోమీటర్ల దూరంలోని రియో గాయేగోస్ రేవుకు చేర్చడానికి చిన్న రైలుమార్గం వేశారు. పట్టాల మధ్య వెడల్పు 750 మిల్లీమీటర్లు మాత్రమే. మన బ్రాడ్‌గేజిలో సగం కూడా లేదు! 1956లో జపాన్‌కు చెందిన మిత్సుబిషి కంపెనీ తయారుచేసిన ఆవిరి ఇంజన్లు అక్కడికి వచ్చాయి. ఆ గనుల బొగ్గేమో నాసిరకం. దాని బూడిద కరిగి చిట్టెం కట్టి, పొయ్యి అడుగున ఉండే చువ్వల సందులు మూసుకుపోయేవి. గాలి ఆడక మంట తగ్గేది.

అక్కడ పనిచేసిన అర్జెంటీనా ఇంజనీరు లివియో దాంతే పోర్తా (1922–2003) బొగ్గును మార్చలేదు, పొయ్యిని మార్చాడు. మామూలు ఇంజనులో గాలి దాదాపు అంతా అడుగు నుంచే వస్తుంది. ఆ వేగానికి సన్న బొగ్గు కాలకుండానే గొట్టంలోంచి ఎగిరిపోతుంది. పోర్తా అడుగు గాలిని తగ్గించి, దానిలో కొంత ఆవిరి కలిపాడు. దాంతో బొగ్గు పొర వేడి తగ్గింది, చిట్టెం కట్టడం ఆగింది. మిగతా గాలిని మంటపైన, పక్క రంధ్రాల గుండా పంపాడు. బొగ్గు ముందు వాయువుగా మారి, ఆ వాయువు పైన పూర్తిగా కాలింది. పొగగొట్టం దగ్గర ఆవిరి బయటికి పోయే మార్గాన్ని కూడా మెరుగుపరిచాడు. ఆ చిన్న ఇంజన్లే 1,700 టన్నుల రైళ్లను లాగాయి!

"చివరికి అక్కడికీ డీజిల్ ఇంజన్లు వచ్చాయి కదా?" అని మీరు అడగవచ్చు. నిజమే, 1990లలో వచ్చాయి. ఆవిరి ఇంజన్లు తిరిగి రావాలని నేను అనడం లేదు. కానీ అప్పటిదాకా నాలుగు దశాబ్దాలు ఆ "పనికిరాని" బొగ్గే రైళ్లను నడిపింది.

పదో తరగతి ఫలితాలు రాగానే తప్పిన పిల్లల పేర్లు లెక్కపెడతాం. రాత్రి చదువుకునే వేళ గదిలో సరైన వెలుతురు ఉందా? లెక్కల్లో సందేహం వస్తే చెప్పేవారున్నారా? అది కూడా లెక్కపెట్టాలి. హాస్టల్ నడిపే పెద్దలకూ, ఇక్కడ చదివి ఉద్యోగాల్లో స్థిరపడిన అన్నలకూ, అక్కలకూ నా మనవి ఒక్కటే: బొగ్గును తిట్టే ముందు పొయ్యిని చూడండి.