కృష్ణగిరి కోల్పోయిన రైలు

పళ్ళికొండ రంగనాథుని సేవించి గుడియాత్తమున రైలెక్కు మనకు, రైలు లేని ఊరి కష్టము సులభముగా తెలియదు. 1856 జూలై 1వ తేదీన రాయపురము నుండి ఆర్కాటు వరకు తొలి బండి నడచినది. కొలది సంవత్సరములకే ఆ దారి పాలారు లోయవెంట సాగి జోలార్పేట చేరినది. తిరుపత్తూరునకు ఆవలనున్న కృష్ణగిరిలోని మన తెలుగువారి కథ వేరు.

1876–78 నాటి కరవులో ధాన్యము చేరక, చేరినను కొనుటకు పైకము లేక, దక్షిణదేశమున లక్షలాది జనులు నశించిరి. రైలుదారులు విస్తరింపవలెనని 1880 నాటి కరవు కమిషను చెప్పినది. ఆ ఉద్దేశముతో వేసిన చిన్నదారులు రెండు మన పొరుగుననే ఉండెను. 1905లో తిరుపత్తూరు నుండి కృష్ణగిరికి సుమారు 25 మైళ్ళ దారి తెరచిరి. 1906లో మొరప్పూరు నుండి ధర్మపురికి వేసిన దారి 1913లో హోసూరు వరకు సాగినది. పట్టాల నడుమ వెడల్పు రెండున్నర అడుగులే.

తరువాత మోటారు బస్సులు వచ్చినవి. రైలు రాబడి సన్నగిల్లినది. 1936లో కృష్ణగిరి దారి మూతపడినది. హోసూరు చిన్నదారియు రెండవ ప్రపంచయుద్ధకాలమున అంతరించినది. హోసూరునకు పిమ్మట వేరొక దారి లభించినది. కృష్ణగిరి 2004లో జిల్లా కేంద్రమైనను, అచ్చట రైలు కూత వినబడదు.

నష్టము వచ్చు బండిని ఎంతకాలము నడుపుదురని కొందరు అడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని ఆ దారి లాభమునకై వేసినది కాదు. ఈ యేడు కరవు రాలేదని, కరవునకై కట్టిన గాదెను కూల్చుకొను రైతు ఉండునా? ప్రాణరక్షణకై వేసిన దారిని టిక్కెట్ల లెక్కతో మాత్రమే తూచుట నాటి పొరపాటని నా అభిప్రాయము.

జోలార్పేట నుండి కృష్ణగిరి మీదుగా హోసూరునకు దారి కావలెనని ఆ ప్రాంతీయులు చిరకాలముగా కోరుచున్నారు. బంధుత్వములచే వారితో ముడిపడిన మనమును ఆ కోర్కెకు గొంతు కలుపవలెను. మరియొక పనియు కలదు. ఆ బండి ఎక్కినవారు నేడు మిగిలియుండుట అరుదు. వారి మాటలు విన్న బిడ్డలు మాత్రము మన ఇండ్లలో ఉన్నారు. వారిని అడిగి, విన్నది వ్రాసియుంచుడు. పట్టాలు పెరుకుటకు దినములు చాలినవి. మరల వేయుటకు తరములు చాలకున్నవి.