నేర్చిన విద్య పాతబడుతుందా?

"విజువల్ బేసిక్ సిక్సా ఆంటీ? అదెప్పుడో పోయింది. మీరు అ ఆల నుంచీ మొదలెట్టాల్సిందే!"

కంప్యూటర్ శిక్షణ కేంద్రంలో ఓ కుర్రాడు మా వదినతో అన్న మాట ఇది. వదినంటే మా వారి అక్క. నలభై ఆరేళ్ళు. తోడుగా వెళ్ళిన నాకే తల కొట్టేసినట్టయింది. వదిన మాత్రం నవ్వేసి, ఫీజుల కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది.

2000లో అమీర్‌పేట హాస్టల్లో ఉండి నేర్చుకున్న చదువు ఆమెది. రెండేళ్ళు ఉద్యోగం చేసింది. పెళ్ళయి అనంతపురం వచ్చాక ఉద్యోగం మానేసినా, అన్నయ్యగారి విత్తనాలు, ఎరువుల అంగడికి తనే ఓ ప్రోగ్రాము రాసిపెట్టింది. ఏళ్ళ తరబడి లెక్కలన్నీ దాని మీదే నడిచాయి. 2017లో జీఎస్టీ వచ్చాక, పాతది ఇంకెందుకని బయట నుంచి కొత్త సాఫ్ట్‌వేర్ కొన్నారు. చిక్కు అక్కడే వచ్చింది.

మనది ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే సీమ. అదీ నమ్మకం లేదు. శనక్కాయ ఊడలు దిగే వేళకు మబ్బు మొహం చాటేస్తే రైతు బాకీ ఎట్లా తీరుస్తాడు? అందుకే వదిన తన ప్రోగ్రాములో ఓ చిన్న షరతు రాసుకుంది. కరువని గుర్తు పెట్టిన ఏడాది బాకీ, వడ్డీ లేకుండా వచ్చే పంటకు జరిగిపోతుంది. కొత్తదానికి ఈ సంగతేం తెలుసు? 2018 కరువులో గడువు దాటిన వాళ్ళందరినీ ఎర్ర అక్షరాల్లో చూపించింది. మామగారి కాలం నాటి ఖాతాదారు ఒకాయన ఆ కాగితం చూసి, మాట్లాడకుండా లేచి వెళ్ళిపోయాడట. మళ్ళీ అంగడి మెట్లెక్కలేదు.

ఆ బాధ వదిన మనసులో అట్లాగే ఉండిపోయింది. అమ్మాయి ఇంజినీరింగులో చేరి ఇంట్లో కాస్త తీరిక చిక్కాక, తన ప్రోగ్రామును డాట్‌నెట్‌లోకి తెచ్చుకోవాలని బయల్దేరితే ఎదురైన మాట అది.

డాట్‌నెట్‌ని మైక్రోసాఫ్ట్ 2002లో తెచ్చింది. విజువల్ బేసిక్ అనే పేరు ఉంచినా, పాత ప్రోగ్రాములు ఉన్నవున్నట్టు అందులోకి రావు. మార్చిపెట్టే పనిముట్టు ఒకటి ఇచ్చారు గానీ, తనవల్ల కానివాటిని 'మీరే సరిచూసుకోండి' అని గుర్తులు పెట్టి వదిలేసేది. పాత విజువల్ బేసిక్‌కు 2008లో మద్దతు ఆపేశారు. తేడాలూ తక్కువేం కాదు. పాతదాంట్లో వరసల లెక్క ఒకటి నుంచి మొదలెట్టుకునే వీలుంది. కొత్తదాంట్లో సున్నా నుంచే! "మొదటి నెలంతా పాత అలవాటే చేతికి అడ్డం పడింది" అంది వదిన.

అయితే మాత్రం అ ఆల నుంచీ ఎందుకు? కాపురానికొచ్చిన కొత్తలో ఉప్పుడబ్బా ఎక్కడుందో వెతుక్కున్నాం. కూరలో ఉప్పు ఎంత వేయాలో మళ్ళీ ఎవరైనా నేర్పారా?

2020 ఏప్రిల్‌లో అమెరికాలోని న్యూజెర్సీలో ఏమైందో చూడండి. కరోనాతో నిరుద్యోగ భృతి దరఖాస్తులు వెల్లువెత్తితే, 1959లో పుట్టిన కోబాల్ భాష తెలిసినవాళ్ళు సాయానికి రావాలని అక్కడి గవర్నరే అడిగారు. పాత ప్రోగ్రామును మార్చేవాళ్ళు ఎందరో దొరుకుతారు. అందులో ఫలానా షరతు ఎందుకు ఉందో చెప్పగలిగేది దాన్ని రాసినవాళ్ళే.

శిక్షణ కేంద్రాల వాళ్ళకు నాదొక మనవి. వచ్చినవాళ్ళకు ఏం తెలుసో ముందు అడగండి. తెలిసినవాళ్ళకు తేడాలు మాత్రమే చెప్పే చిన్న కోర్సు, మధ్యాహ్నం పూట పెట్టండి. మొత్తం ఫీజు గుంజి, ఇరవై ఏళ్ళ పిల్లల పక్కన కూర్చోబెట్టి మౌస్ పట్టుకోవడం నేర్పకండి. ఇంట్లో వాళ్ళకూ ఓ మాట. ఆమె కంప్యూటర్ ముందు కూర్చున్న రెండు గంటలూ కాఫీ మీరే కలుపుకుంటే ఏం పోతుంది?

వదిన కూతురి లాప్‌టాప్‌లో, భోజనాలయ్యాక రోజూ కూర్చుని, అయిదు నెలల్లో పని పూర్తి చేసింది. అన్నిటికన్నా ముందు రాసింది ఆ కరువు షరతే. ఆ పెద్దాయన మాత్రం ఇంకా రాలేదు. వస్తే ఆయన ఖాతా ఎర్రగా కనిపించదు.

మీ అటక మీదా ఏదో ఒక పాత సర్టిఫికెట్ ఉండే ఉంటుంది. ఓసారి దించి, దుమ్ము దులపకూడదూ?